ఊపిరిలో గూడుకట్టే దుమ్ము: శ్వాసకోశాల తంతూకరణానికి వృత్తి, పరిసర కారణాలు

మనలో చాలామందికి అక్షరాభ్యాసం పలక మీదనే జరిగింది. ఆ నల్లని పలక మార్కాపురం గనులలో పుట్టిందని పెద్దలు చెప్పగా విన్నాం. తెలుగునాట లక్షలాది ఇళ్ళకు కప్పు వేసిన సిమెంటు రేకులలో రాతినార కలుస్తుందని, ఆ నారలో కొంత ఒకప్పుడు ఈ కెనడా దేశపు గనుల నుంచే అక్కడికి ఎగుమతి అయ్యేదని మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. నేడు ఏజాక్స్‌లోని మన వంటగదులలో నిగనిగలాడే నల్లరాతి గట్టు ఒంగోలు దగ్గరి చీమకుర్తి గని నుంచి వచ్చినదైనా కావచ్చు. పలక, రేకు, రాతిగట్టు మూడూ మన నిత్యజీవితానికి పనికివచ్చిన వస్తువులే. వాటిని తవ్వి, కోసి, నూరి, నునుపు చేసిన శ్రామికులు ఆ పనిలో లేచిన ధూళినే పీల్చారు. ఆ ధూళి వల్ల ఊపిరితిత్తులలో ఏర్పడే మచ్చల వ్యాధిని గురించి, దానికి దోహదం చేసే ఇతర పరిసర కారణాలను గురించి సామాన్య పాఠకులకు బోధపడే రీతిలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. అనారోగ్యంతో ఉన్న తల్లిదండ్రులను ఇక్కడికి పిలిపించుకొనే కుటుంబాలకు, పాత ఇళ్ళు కొని మరమ్మతులు చేయించుకొనేవారికి ఈ సమాచారం ప్రత్యేకంగా ఉపకరిస్తుంది.

మచ్చ ఎలా ఏర్పడుతుంది?

మనిషి ఊపిరితిత్తులలో సుమారు 30 కోట్లకు పైగా వాయుకోశాలు ఉంటాయి. వాటినన్నింటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్ల స్థలం ఆక్రమిస్తాయి. గాలికీ నెత్తురుకూ నడుమ ఉండే పొర మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత పలుచగా ఉన్నందువల్లనే ప్రాణవాయువు క్షణంలో రక్తంలోకి చేరగలుగుతున్నది.

ప్రకృతి ఈ సున్నితమైన పొరకు కాపలా ఏర్పాటు చేయకపోలేదు. పెద్ద ధూళికణాలు ముక్కులో, గొంతులో చిక్కుకొంటాయి. వాటికంటె చిన్నవి శ్వాసనాళాలలోని జిగురుకు అంటుకొని దగ్గుతో బయటపడతాయి. కాని, సుమారు 5 మైక్రాన్ల కంటె సూక్ష్మమైన కణాలు ఈ కాపలాను తప్పించుకొని నేరుగా వాయుకోశాలను చేరుతాయి. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అని గుర్తుంచుకొంటే, ఈ కణాలు కంటికి ఆనవని వేరే చెప్పనక్కరలేదు. కనబడే దుమ్ము కంటె కనబడని దుమ్మే ప్రమాదకరం.

వాయుకోశాలలో చేరిన కణాలను మింగి శుభ్రపరచడానికి భక్షకకణాలు సిద్ధంగా ఉంటాయి. సామాన్యమైన మట్టిని అవి మింగి ఊరకుంటాయి. స్ఫటికరూపంలోని సిలికాను మింగినప్పుడు మాత్రం భక్షకకణమే విచ్ఛిన్నమై మరణిస్తుంది. అందులోని సిలికా మళ్ళీ బయటపడుతుంది. దానిని మరొక కణం మింగుతుంది, అదీ మరణిస్తుంది. చచ్చిన కణాల నుంచి వెలువడే రసాయనాలు గాయాన్ని పూడ్చమని చుట్టుపక్కల కణజాలానికి సంకేతాలు పంపుతాయి. ఆ సంకేతాల ప్రకారం కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తు పోగులు పోగులుగా అల్లుకొంటుంది. చర్మం మీద దెబ్బ మానినప్పుడు మచ్చకట్టే విధానమే ఇది. చర్మం మీది గాయం మానిన తరువాత అల్లిక ఆగిపోతుంది, ఊపిరితిత్తిలో కారణం లోపలే తిష్ఠ వేసి ఉన్నందున అల్లిక కొనసాగుతుంది. పలుచని పొర దళసరి అవుతుంది. సాగవలసిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దీనినే తంతూకరణమని, ఆంగ్లంలో పల్మనరీ ఫైబ్రోసిస్ అని వ్యవహరిస్తారు. ఒకసారి ఏర్పడిన మచ్చను చెరిపివేయగల ఔషధం ఇంతవరకు లేదు.

సిలికా: బంగారు గనుల నుంచి వంటగది వరకు

వృత్తికీ వ్యాధికీ గల సంబంధాన్ని శాస్త్రీయంగా గుర్తించినవారిలో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ ప్రముఖుడు. రోగిని మామూలుగా అడిగే ప్రశ్నలతోపాటు, ఏ వృత్తి చేస్తున్నావని కూడా అడగాలని ఆయన 1700లో వెలువరించిన గ్రంథంలో వైద్యులకు సూచించాడు. మూడు వందల ఏళ్ళు గడిచినా చాలా ఆస్పత్రులలో ఆ ప్రశ్న నేటికీ వినబడడం లేదు.

భారతదేశంలో సిలికోసిస్ వ్యాధిని గురించిన తొలి ప్రధాన నివేదిక 1947లో కోలారు బంగారు గనుల నుంచి వెలువడింది. మూడు వేల మీటర్లకు మించిన లోతున, స్ఫటికశిలల నడుమ తమిళులతోపాటు చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగువారు కూడా తరతరాలు పనిచేశారు. పరీక్షించిన వేలాది కార్మికులలో నూటికి నలభై మందికి మించి ఈ వ్యాధి ఉన్నట్లు ఆ పరిశీలనలో తేలింది. 2001లో గనులు మూతపడ్డాయి. వ్యాధి మాత్రం గని మూసినంత మాత్రాన ఆగేది కాదు. దుమ్ముకు దూరమైన పది, ఇరవై ఏళ్ళకు కూడా అది బయటపడవచ్చు, ముదరనూవచ్చు.

పలకరాయిలోనూ సిలికా పాలు ఎక్కువే. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకబలపాలు కోసే పనివారిని 1980లలో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశీలించినప్పుడు సగానికి పైగా సిలికోసిస్ బారినపడినట్లు వెల్లడైంది. మార్కాపురం పలకల పనిలోనూ, గూడూరు ప్రాంతపు అభ్రకం గనులలోనూ, కంకర మిల్లులలోనూ, రాతి కోత యంత్రాల దగ్గరా ఉన్న ముప్పు స్వభావరీత్యా ఒక్కటే. అభ్రకం కోసం తవ్వినా తెల్లటి స్ఫటికశిలను పగలగొట్టక తప్పదు. సింగరేణి వంటి బొగ్గుగనులలోనైతే బొగ్గుధూళి పేరుకొని వేరొక రకపు మచ్చలు ఏర్పడతాయి.

ఈ దుఃఖం ఒక్క భారతదేశానిదే కాదు. మన అంటారియో రాష్ట్రంలోని ఎలియట్ లేక్ యురేనియం గనులలో సిలికోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్ పెచ్చుపెరగగా 1974లో కార్మికులు సమ్మెకు దిగారు. ఆ దరిమిలా జేమ్స్ హామ్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1976లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా 1978లో వృత్తి ఆరోగ్య భద్రతా చట్టం రూపొందింది. ప్రమాదాన్ని తెలుసుకొనే హక్కు, భద్రతా నిర్ణయాలలో పాల్గొనే హక్కు, అపాయకరమైన పనిని నిరాకరించే హక్కు నేడు ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మనకు దక్కడం వెనుక ఆ గనికార్మికుల ఊపిరి ఉన్నది.

ఇదే రాష్ట్రంలో జరిగిన మరొక ఉదంతం వింతగా ఉంటుంది. సిలికోసిస్‌ను నివారిస్తుందన్న నమ్మకంతో 1943 నుంచి 1979 వరకు గనికార్మికుల చేత పనికి దిగేముందు మూసిన గదిలో నల్లని అల్యూమినియం పొడిని పీల్పించేవారు. మెకింటైర్ పౌడర్ అనే ఆ పొడి సిలికోసిస్‌ను ఆపినట్లు రుజువు కాలేదు. పైగా దానిని పీల్చినవారిలో పార్కిన్‌సన్స్ వ్యాధి హెచ్చుగా ఉన్నట్లు ఇటీవలి పరిశోధనలు తెలిపాయి. 2022లో అంటారియో ప్రభుత్వం ఆ కార్మికులకు శాసనసభలో క్షమాపణ చెప్పింది. దుమ్ముకు విరుగుడు మరొక దుమ్ము కాదని, దుమ్మును లేవకుండా చేయడమే మార్గమని ఈ ఉదంతం చాటుతున్నది.

ఇక వంటగదికి వద్దాం. సహజమైన గ్రానైట్‌లో స్ఫటికసిలికా నూటికి ముప్పై పాళ్ళ చుట్టుపక్కల ఉంటుంది. చీమకుర్తి నల్లరాయి బజారులో గ్రానైట్‌గా చలామణి అవుతున్నా శిలాశాస్త్రం ప్రకారం గాబ్రో జాతికి చెందినది, అందులో స్ఫటికం ఇంకా తక్కువ. ఇటీవల ప్రాచుర్యంలోకి వచ్చిన క్వార్ట్జ్ గట్లు అలాంటివి కావు. స్ఫటికశిలను పొడి చేసి, జిగురుతో అతికించి తయారుచేసే ఈ కృత్రిమశిలలలో సిలికా నూటికి తొంబై పాళ్ళు దాటవచ్చు. వీటిని పొడిగా కోసే యువకార్మికులలో కొద్ది సంవత్సరాలకే తీవ్రమైన సిలికోసిస్ వస్తున్నట్లు స్పెయిన్, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాల నుంచి వార్తలు వచ్చాయి. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రాయిని నిషేధించింది. అమర్చిన గట్టు వల్ల ఇంటివారికి ప్రమాదం లేదు, కోసే పనివాడిదే కష్టమంతా. గట్టు వేయించుకొనేవారు నీటిధారతో తడికోత కోసే పనివారినే ఎంచుకోవడం, ఇంటిలో పొడికోతకు ఒప్పుకోకపోవడం మంచిది.

రాతినార: రెండు దేశాల కథ

ఏజాక్స్ పట్టణం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టింది. 1941లో ఇక్కడ ఫిరంగి గుండ్లలో మందుగుండు నింపే కర్మాగారాన్ని నెలకొల్పి, దాని చుట్టూ పనివారికి ఇళ్ళు కట్టారు. 1939లో దక్షిణ అమెరికా తీరాన జరిగిన ప్లేట్ నదీ సంగ్రామంలో పాల్గొన్న బ్రిటిష్ యుద్ధనౌక పేరే ఊరికి పెట్టారు. ఆనాటి ఇళ్ళు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. అవీ, ఆ తరువాత 1980ల వరకు కట్టిన ఇళ్ళు అనేకమూ రాతినార విరివిగా వాడుకలో ఉన్న యుగానికి చెందినవి.

ఏజాక్స్‌కు పశ్చిమాన, పికరింగ్ దాటిన వెంటనే వచ్చే స్కార్‌బరోలోని పోర్ట్ యూనియన్ రోడ్డు ప్రాంతంలో జాన్స్ మాన్‌విల్ కంపెనీవారి రాతినార సిమెంటు గొట్టాల కర్మాగారం 1948 నుంచి నడిచింది. అక్కడి కార్మికుల మరణాలను పరిశీలించిన డాక్టర్ మర్రే ఫింకెల్‌స్టైన్ ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా అనే పొరల క్యాన్సర్, తంతూకరణం వారిలో అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని 1980లలో ప్రకటించారు. అంటారియో ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ 1984లో ఈ విషయమై విస్తారమైన నివేదిక వెలువరించింది. నేడు ఆ స్థలంలో ఇళ్ళు వెలిశాయి. సరస్సు ఒడ్డున షికారుకు వెళ్ళే మనవారు ఆ దారినే నడుస్తుంటారు.

రాతినార పోగులు సూదుల వలె సన్నగా, పొడుగుగా ఉంటాయి. భక్షకకణం ఆ సూదిని పూర్తిగా మింగలేదు, కరిగించనూ లేదు. ఆస్బెస్టోసిస్ అనే తంతూకరణం సాధారణంగా ఊపిరితిత్తుల అడుగుభాగంలో మొదలవుతుంది. సిలికోసిస్ చాలావరకు పైభాగంలో ముడులుగా కనిపిస్తుంది. పొగతాగే అలవాటు కూడా తోడైతే రాతినార వల్ల వచ్చే క్యాన్సర్ ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది.

క్వెబెక్ రాష్ట్రంలోని జెఫ్రీ గని ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద రాతినార గని. అక్కడి ఊరికే ఆస్బెస్టాస్ అని పేరు. 2011 తరువాత కెనడాలో రాతినార తవ్వకం నిలిచిపోయింది. 2018 డిసెంబరు 30 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. 2020లో ఆ ఊరు పేరు సైతం మార్చుకొని వాల్ దే సూర్స్ అయింది. అయితే అంతకుముందు అనేక సంవత్సరాలు, ఒట్టావాలోని పార్లమెంటు భవనాల నుంచి రాతినారను ఎంతో జాగ్రత్తగా తొలగిస్తూనే, ఆ నారనే భారతదేశం వంటి దేశాలకు ఈ దేశం అమ్మింది. అంతర్జాతీయ ఒడంబడికలో తెల్ల రాతినారను ప్రమాదకర పదార్థాల పట్టికలో చేర్చడాన్ని కెనడా పలుమార్లు అడ్డుకొన్నది. 2012లో మాత్రమే ఆ వైఖరి విడిచింది. ఇక్కడి పిల్లల బడిలో తగదన్నది అక్కడి పిల్లల బడి కప్పుకు ఎలా తగిందన్న ప్రశ్న రెండు దేశాలకూ చెందిన మనం అడగదగినదే.

భారతదేశం రాతినార గనుల తవ్వకాన్ని ఆపివేసినా, దిగుమతిని, వాడకాన్ని నేటికీ పూర్తిగా నిషేధించలేదు. 1995 జనవరిలో భారత సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కార్మికుల ఆరోగ్య వివరాలను పని మొదలైన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా విరమణ తరువాత 15 ఏళ్ళు భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. వ్యాధి అంత ఆలస్యంగా బయటపడుతుందన్న శాస్త్రసత్యాన్ని న్యాయస్థానం గుర్తించిందన్నమాట.

బూజు, పక్షులు, కూలరు, పొగ

ఖనిజధూళి ఒక్కటే ఈ వ్యాధికి కారణం కాదు. బూజు, పక్షుల రెట్టలు, ఈకల నూగు వంటి జీవసంబంధమైన ధూళిని పదేపదే పీల్చినప్పుడు కొందరి శరీరం దానిని శత్రువుగా భావించి తాపంతో ప్రతిస్పందిస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే ఆ తాపం మచ్చగా మారుతుంది. తడిసి బూజుపట్టిన గడ్డిని కదిపే రైతులలో మొదట గుర్తించినందున దీనికి రైతు ఊపిరితిత్తి అనే పేరు వచ్చింది. పావురాలను, చిలుకలను పెంచేవారిలో, మేపుల్ చెట్ల బెరడు ఒలిచే పనివారిలో, బూజుపట్టిన చెరకుపిప్పి కదిపే ఫ్యాక్టరీ పనివారిలో కూడా ఇదే వ్యాధి కనిపించింది.

భారతదేశంలో 19 నగరాల నుంచి 1,084 మంది రోగుల వివరాలు సేకరించిన ఒక పరిశీలన 2017లో ప్రచురితమైంది. ఊపిరితిత్తుల అంతరకణజాల వ్యాధులతో వచ్చిన వీరిలో దాదాపు సగం మందిది ఈ రకపు వ్యాధేనని, ఆ సగంలో మళ్ళీ దాదాపు సగం మంది ఇళ్ళలో ఎయిర్ కూలర్లు వాడేవారని అందులో తేలింది. ఎండాకాలంలో తడిసిన వట్టివేళ్ళ తడికెలు, మార్చని నీరు బూజుకు ఆటపట్టులు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మన పెద్దల ఇళ్ళలో ఈ యంత్రం సర్వసాధారణమని వేరే చెప్పాలా!

కట్టెల పొయ్యి, పిడకల దాలి ముందు జీవితం గడిపిన మన అమ్మలు, అమ్మమ్మలు ఏ కర్మాగారంలోనూ పనిచేయలేదు. అయినా గాలి ఆడని వంటింటి పొగ వారి ఊపిరితిత్తులలో మసిని నింపి మచ్చలకు దారితీస్తుందని వైద్యులు గుర్తించారు. గుండెలయకు వాడే అమియొడరోన్, మూత్రాశయ వ్యాధికి దీర్ఘకాలం వాడే నైట్రోఫ్యూరాంటోయిన్, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వంటి మందులు, కీళ్ళవాతం తానుగానూ కొందరిలో ఇందుకు కారణం కావచ్చు. మందును సొంతంగా మానకూడదు, వైద్యునికి తెలియజేయాలి.

కారణం తెలియని తంతూకరణమని ముద్రవేసిన కేసులలోనూ సుమారు 26 శాతానికి వృత్తిలోని ధూళి, పొగ, ఆవిరులు దోహదం చేసినట్లు అమెరికా, ఐరోపా శ్వాసకోశ వైద్యసంఘాలు 2019లో కలసి అంచనా వేశాయి. కారణం లేదన్న చోట చాలాసార్లు కారణాన్ని ఎవరూ అడగలేదన్నమాట.

రోగనిర్ధారణ: అడగవలసిన ప్రశ్న

పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, క్రమంగా నాలుగడుగులకే ఆయాసం, కొందరిలో గోళ్ళు గుండ్రంగా ఉబ్బడం ఈ వ్యాధి లక్షణాలు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటే వెల్క్రో పట్టీని మెల్లగా ఊడదీసినట్లు చిటపట చప్పుడు వినిపిస్తుంది. ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు. హై రిజల్యూషన్ సీటీ స్కాన్, ఊపిరి సామర్థ్య పరీక్షలు అవసరమవుతాయి.

మన దేశంలో ఈ వ్యాధిని తరచు క్షయగా, ఉబ్బసంగా, లేదా వార్ధక్యంగా పొరబడతారు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా సులభంగా సోకుతుంది కనుక చిక్కు మరింత పెరుగుతుంది. తగ్గని ఆయాసానికి ఏళ్ళ తరబడి క్షయ మందులు మింగిన రాతిపనివారు ఎందరో ఉన్నారు.

ఇక్కడే ప్రవాస కుటుంబాల బాధ్యత ఉన్నది. నాన్నగారినో అత్తగారినో ఏజాక్స్‌లోని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళినప్పుడు దుబాసీలుగా వ్యవహరించేది మనమే. రిటైరయ్యారని ఒక్కమాటతో ముగిస్తాం. ముప్పై ఏళ్ళక్రితం క్వారీలో మేస్త్రీగా చేశారనో, రేకుల ఫ్యాక్టరీలో ఉన్నారనో, బట్టీల దగ్గర, కోళ్ళఫారంలో పనిచేశారనో మనకు తోచదు. ఒక్కొక్కసారి మనకే తెలియదు. కనుక పెద్దలను అడిగి తొలి ఉద్యోగం నుంచి చివరి ఉద్యోగం వరకు ఏ ఊరిలో, ఏ పని, ఎన్నేళ్ళు, ఎలాంటి దుమ్ము అనే వివరాలు ఒక కాగితం మీద వ్రాసుకొని వైద్యునికి ఇవ్వండి. వంట ఏ పొయ్యి మీద చేశారు, ఇంటిలో పక్షులున్నాయా, కూలరున్నదా అన్నవి కూడా చేర్చండి. ఖర్చులేని ఈ పరీక్ష చాలాసార్లు ఖరీదైన పరీక్షలకు దారి చూపుతుంది.

చికిత్స

కారణాన్ని గుర్తించి దానికి దూరంగా తొలగడం చికిత్సలో మొదటి మెట్టు. బూజు, పక్షుల వల్ల వచ్చినదైతే తొలిదశలో కారణాన్ని తొలగిస్తే చాలావరకు కోలుకోవచ్చు. పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది. ఇవి మచ్చను పోగొట్టవు, దాని వ్యాప్తిని నెమ్మదింపజేస్తాయి. ప్రాణవాయువు సరఫరా, శ్వాస వ్యాయామాలు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ధూమపానం మానడం రోగికి ఊరటనిస్తాయి.

చివరిదశలో ఊపిరితిత్తి మార్పిడి ఒక్కటే శరణ్యం. ఈ చికిత్సకు మనకు చేరువలోని టొరాంటో జనరల్ ఆస్పత్రియే పుట్టిల్లు. 1983 నవంబరులో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం ప్రపంచంలో తొలిసారిగా విజయవంతమైన ఊపిరితిత్తి మార్పిడిని అక్కడ నిర్వహించింది. ఆ రోగి వ్యాధి తంతూకరణమే. ఆయన ఆ తరువాత ఆరేళ్ళకు పైగా జీవించాడు. దాతల కొరత నేటికీ తీరలేదు. అంటారియోలో అవయవదాతగా నమోదు చేసుకోవడం కొద్ది నిమిషాల పని.

మనం చేయగలిగినవి

1980లకు పూర్వపు ఇల్లు కొన్నవారు, ఉప్మారవ్వ చల్లినట్లు గరుకుగా ఉండే కప్పును, పాత వినైల్ పలకల నేలను, గొట్టాలకు చుట్టిన తెల్లని పూతను సొంతంగా గోకవద్దు, పగలగొట్టవద్దు. ముందు నమూనాను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. రాతినార ఉంటే శిక్షణ పొందినవారి చేతనే తీయించాలి. కదపకుండా ఉన్నంతకాలం దానివల్ల ప్రమాదం స్వల్పం.

1990కి పూర్వపు ఇళ్ళ అటకలలో బూడిదరంగు గులకరాళ్ళ వంటి వర్మిక్యులైట్ పరచి ఉండవచ్చు. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన ఈ పదార్థంలో రాతినార కలసి ఉండేది. అటువంటి అటకను సామాన్లగదిగా వాడకండి, పిల్లలను ఎక్కనీయకండి.

నిర్మాణంలో, కార్ఖానాలలో పనిచేసే మన యువకులు గుడ్డముక్క కట్టుకొంటే చాలునని భావించరాదు. సూక్ష్మధూళిని ఆపేది ముఖానికి సరిగా అమరిన ఎన్-95 లేదా అంతకు మించిన ముసుగు మాత్రమే. అంతకంటె మేలైనవి నీరు చల్లడం, దుమ్మును యంత్రంతో పీల్చివేయడం. పనిబట్టలతో ఇంటికి వచ్చి పిల్లలను ఎత్తుకోవద్దు. రాతినార కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు సైతం వ్యాధి సోకిన దాఖలాలున్నాయి. అంటారియోలో చేసిన పని వల్ల వ్యాధి వస్తే నష్టపరిహారానికి డబ్ల్యూ.ఎస్.ఐ.బి.కి దరఖాస్తు చేసుకోవచ్చు. పని మానేసి ఏళ్ళు గడిచాయని వెనుకాడనక్కరలేదు.

స్వగ్రామంలోని ఇంటికి పాత రేకులు మార్పించదలచినవారు వాటిని రంపంతో కోయించవద్దు, పగలగొట్టించవద్దు. తడిపి, ముక్కలు కాకుండా దించమని చెప్పండి. వీలైతే రాతినార లేని కప్పు వేయించండి. కూలరు తడికెలను ఏటేటా మార్పించి, నీటిని తరచు పారబోయమనండి. పొయ్యి దగ్గర పొగ పోయే దారి ఉండేటట్లు చూడండి.

ఈ వ్యాధికి మందు అరకొరగా ఉన్నా, నివారణ మాత్రం మానవుని చేతిలో ఉన్నది. తడికోత, గాలిమార్గం, సరియైన ముసుగు, సకాలంలో అడిగిన ఒక ప్రశ్న ఇవేవీ అసాధ్యమైనవి కావు. మన పలకను చెక్కినవాడికి, మన కప్పు రేకును పోతపోసినవాడికి, రేపు మన గట్టును కోయబోయేవాడికి ఊపిరి నిండుగా ఆడాలని కోరుకొందాం. ఆ కోరిక నెరవేరేందుకు మన వంతు కృషిని మన ఇంటి మరమ్మతుతోనే ప్రారంభిద్దాం.